కుడి నుంచి మూడు గళ్ళు

బీర్ ఖర్రూబ్
మార్చి 13

ఒసే షీరాజ్,

దోషివి నువ్వే. అటూ ఇటూ చూడకు, ఈ కాగితం పట్టుకుని చదువుతున్న నిన్నే అంటున్నాను. మా అక్క కూతురివి, ఇంజనీరువి, బస్సులో ఎవరైనా నీ కాలు తొక్కితే నువ్వే క్షమాపణ చెప్పే రకానివి. అయినా దోషివి నువ్వే. రుజువు చేస్తాను, కూర్చో.

సోమవారం నాకు పోస్టులో ఒక కవరు వచ్చింది. దాని మీద మునిసిపాలిటీ ముద్ర. మూడేళ్ళలో పందొమ్మిది ఫిర్యాదులు పెట్టిన మనిషిని కదా, ఒక్కదానికైనా జవాబు వచ్చిందని మురిసిపోయాను. చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, నిలబడి చదివాను. అందులో ఉన్నది ఇదీ:

"ఫిర్యాదుదారు: లజ్‌హర్, మునిసిపల్ కార్యదర్శి. ఎవరిపై: మంజియా, ఉపాధ్యాయురాలు. విషయం: స్కూలు గోడ వెనక మూడేళ్ళుగా చెత్త కొండలా పెరుగుతోంది. పిల్లలు కిటికీలు మూసుకుని చెమటలు కక్కుతూ పాఠం వింటున్నారు. బాధ్యులకు ముక్కు ఉందా, ఉంటే అది మొహం మీదే ఉందా అన్నది విచారించగలరు."

చదివావా? ఆ మాటలు నావి! లజ్‌హర్ మీద నేను రాసినవి! ఇప్పుడు లజ్‌హర్ నా ముక్కు ఎక్కడుందని అడుగుతున్నాడు. ఏప్రిల్ 8, మంగళవారం, ఉదయం పది గంటలకి మునిసిపల్ హాల్లో ముద్దాయిగా హాజరు కావాలట. రాకపోతే తీర్పు నాకు వ్యతిరేకంగా ఇస్తారట.

నా ఒక్కదాని గొడవే అయితే నా ఖర్మ అనుకుని ఒక కరపత్రం వేసి ఊరుకునేదాన్ని. రొట్టెల బూరావి లేడూ, వీధి దీపం వెలగడం లేదని కరెంటాఫీసు మీద రాయించాడు. ఇప్పుడు వీధి దీపాన్ని బూరావి వెలిగించడం లేదని కరెంటాఫీసు ఫిర్యాదు చేసింది. పాపం ఆయన రెండు రోజులుగా స్తంభం కింద నిలబడి పైకి చూస్తున్నాడు. ఊళ్ళో అరవై మూడు నోటీసులు వచ్చాయి, నేనే ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాను. ఫిర్యాదు చేసిన ప్రతివాళ్ళూ ముద్దాయిలే.

ఇప్పుడు రుజువు. కిందటి వేసవిలో మన చుట్టాలమ్మాయి రౌదా పెళ్ళిలో, అందరి ముందూ, నోట్లో బాదం మిఠాయి పెట్టుకుని నువ్వన్న మాట నాకు గుర్తుంది: "ఇక నుంచి ఫిర్యాదులన్నీ ఫోన్లోనే పిన్నీ, ఆ ఏర్పాటు రాస్తున్నది మేమే." మీరేగా? అయితే జవాబు చెప్పు. మా మాటలు తీసుకెళ్ళి మా నెత్తిన పెట్టమని నీకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పకుండానే చేశావంటే నీకు ఈ దేశం మరీ బాగా అర్థమైందన్నమాట.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానని అడగకు. ఫోన్లో మెసేజ్ పెడితే అది నువ్వు నాకు రాసినట్టు వచ్చి చేరుతుందని భయం.

కోపంతో, ఇంకా చాలా కోపంతో,
మీ పిన్ని మంజియా

*

ట్యూనిస్
మార్చి 18

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసు బల్ల మీద తెరిచాను. "దోషివి నువ్వే" అన్న అక్షరాలు అంత లావున రాయాలా? పక్క బల్ల అమ్మాయి చదివేసింది. పెళ్ళికొడుకు తరపువాళ్ళా అని అడిగింది.

ముందు నవ్వకుండా ఇది చదువు. తర్వాత నీ ఇష్టం.

ఎవరైనా ఫోన్లో ఫిర్యాదు రాసి నొక్కితే అది ఒక మెసేజ్ అవుతుంది. వెళ్ళి వరసలో నిలబడుతుంది. వరస చివర దాన్ని అందుకుని పని చేసే ముక్క ఒకటుంటుంది. దాన్ని హ్యాండ్లర్ అంటాం. నోటీసు తయారు చేసేది అదే. ఆ హ్యాండ్లర్ ముందు మూడు గిన్నెలున్నాయనుకో. వాటిని మేం పారామీటర్లంటాం. మెసేజ్‌లో ఉన్నది ఏది ఏ గిన్నెలో పడాలో ముందే చెప్పి పెట్టాలి. రకాన్ని బట్టి పొయ్యమనచ్చు, తేదీ అయితే తేదీ గిన్నెలో పడుతుంది. కానీ ఇక్కడ మూడూ మాటలే, పైగా రెండు మనుషుల పేర్లు. యంత్రానికి నువ్వూ లజ్‌హరూ ఒకటే. లేదా చీటీ కట్టి చెప్పచ్చు: "ఫిర్యాదుదారు అని రాసి ఉన్నది ఫిర్యాదుదారు గిన్నెలోకి" అని. ఇదీ కాకపోతే వరస చెప్పచ్చు: మొదటిది మొదటిదాంట్లో, రెండోది రెండోదాంట్లో.

నేను వరస చెప్పాను.

ఆ వరస జిల్లా కార్యాలయం వాళ్ళు ఇచ్చిన పట్టికలోంచి తీశాను. అది అరబ్బీలో ఉంది. మూడు గళ్ళు, కుడి నుంచి చదివితే ఫిర్యాదుదారు, విషయం, ఎవరిపై. ఒట్టు పిన్నీ, చదివినప్పుడు కుడి నుంచే చదివాను! కానీ కోడు ఎడమ నుంచి రాస్తాం. చేతులు కీబోర్డు మీద పడగానే కళ్ళు కూడా ఎడమకి తిరిగిపోయాయి. గళ్ళని ఎడమ నుంచి దించేశాను. నడిమి గడి ఎటు నుంచి చూసినా నడిమి గడే కాబట్టి విషయం మాత్రం చెక్కు చెదరలేదు. మీ అక్క నన్ను పదిహేనేళ్ళు చదివించింది, ఇదీ ఫలితం.

పరీక్షించలేదా అని అరుస్తావు, నాకు వినపడుతోంది. పరీక్షించాం. హాతిమ్ (మా పై అధికారి) "ఏదో ఒక పేరు పెట్టి చూడు, తొందరగా" అన్నాడు. ఫిర్యాదు అనగానే నాకు తోచే పేరు ఒక్కటే. రెండు గళ్ళలోనూ నీ పేరే పెట్టాను. చెత్త గురించి మంజియా మీద మంజియా ఫిర్యాదు. ఎటు తిప్పినా నువ్వే కదా, అద్భుతంగా పాసైంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఇక అసలు సంగతి. నా తాత్కాలిక ఒప్పందం జూన్ ఆఖరుకి అయిపోతుంది. ఆ తర్వాత పర్మనెంటా, ఇంటికా అన్నది హాతిమ్ చేతిలో ఉంది. సరిచేయడానికి రెండు మాటలు అటూ ఇటూ మార్చాలి, అంతే. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. అందుకని నీ కాళ్ళు పట్టుకుంటున్నాను, పత్రికకి రాయకు. కరపత్రం వెయ్యకు. రేడియోకి ఫోన్ చెయ్యకు. అమ్మకి అస్సలు చెప్పకు.

నీ అక్క కూతురు, ముద్దాయి,
షీరాజ్

*

బీర్ ఖర్రూబ్
మార్చి 24

ఒసే నా బంగారు తల్లీ,

సరిచెయ్యకు! వేలు పెట్టకు! ఆ గళ్ళని ముట్టుకుంటే నీకూ నాకూ మాటల్లేవు!

నువ్వేం చేశావో నీకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా మేము సంఘాలు పెట్టి, జెండాలు పట్టి, గొంతులు చించుకుని చేయలేని పనిని నువ్వు పట్టిక ఎడమ నుంచి చదివి చేసేశావు. ఇదివరకు ఏం జరిగేది? ఫిర్యాదుదారుకి ఒక రసీదు. అవతలివాడికి ఒక లేఖ. అది వాడి సొరుగులోకి. ముగిసింది. వాడు ఎవరి ముందుకీ రానక్కర్లేదు. ఇప్పుడు నోటీసు రెండో పేజీ చూడు, చిన్న అక్షరాల్లో: "ఫిర్యాదుదారు స్వయంగా హాజరై తన ఫిర్యాదు చదివి వినిపించాలి. రాకపోతే దాన్ని అబద్ధపు ఫిర్యాదుగా ఎంచి, ఉద్యోగి అయితే అతని సర్వీసు ఫైల్లో రాస్తారు." ఈ ఊళ్ళో ఫిర్యాదుదారు ఎవరు? లజ్‌హర్! అరవై మూడింటిలో నలభై ఆయనవే!

కిందటి వారం బూరావి కొట్టు ముందు కనిపించాడు. చంకలో కాగితాల కట్ట.

"మంజియా టీచర్, నేను మీ మీద ఫిర్యాదు చెయ్యలేదండీ," అన్నాడు.

"చెయ్యలేదంటే ఎలాగండీ, ముద్ర ఉంది, మీ పేరుంది," అన్నాను.

"ఉపసంహరించుకుందామని వెళ్ళా. 'ఇక్కడ చెత్త లేదు' అని రాసి సంతకం పెట్టాలట."

"పెట్టండి మరి."

"ఎలా పెట్టనూ, మా ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తోందిగా!"

మూడేళ్ళలో ఆ మనిషి నోటి నుంచి ఆ చెత్త ఉందన్న మాట రావడం ఇదే మొదటిసారి. రొట్టె కొనకుండానే వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగలేదు. తన పేరు ఎవరో వాడుకున్నారని మీ కంపెనీ మీద ఫిర్యాదు పెట్టాడట, అదీ మీ ఫోన్ ఏర్పాటులోనే. నాలుగు రోజులకి నోటీసు వచ్చింది: లజ్‌హర్ తమ పేరు వాడుకున్నాడని మీ కంపెనీ ఆయన మీద ఫిర్యాదు చేసింది! బూరావి నవ్వి నవ్వి పిండిలో చెయ్యి పెట్టి మరిచిపోయాడు.

ఊరంతా పెళ్ళివారిల్లులా ఉంది. ముద్దాయిలందరం కలిసి విచారణకి ఏం కట్టుకోవాలో మాట్లాడుకుంటున్నాం. పండగ దగ్గరపడింది కదా, బూరావి పొయ్యి ముందు పళ్ళేలు బారులు తీరాయి. చెప్పు ఇంజనీరమ్మా, బూరావికి చదువు రాదు. వంద ఇళ్ళ నుంచి వంద పళ్ళేలు వస్తాయి, అన్నిట్లోనూ శనగపిండి ఘ్రైబా బిస్కెట్లే. అయినా ఎవరి పళ్ళెం వాళ్ళకే ఇస్తాడు. ఎలాగ? నా ఘ్రైబాల మీద లవంగం గుచ్చి ఉంటుంది, పక్కింటి వాళ్ళవాటి మీద ఫోర్కు గీతలు. గుర్తు చూసి ఇస్తాడు. వచ్చిన వరస చూసి ఇవ్వడు. నీ చీటీ సంగతి ఆయనకి నలభై ఏళ్ళుగా తెలుసు.

ఇక "మంజియా మీద మంజియా" పాసైందన్నావే, అవుతుంది. ఈ దేశంలో ఆడదానికి నేర్పే మొదటి పాఠమే అది. ఏం జరిగినా నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకో, నూటికి నూరు మార్కులు.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. నీ యంత్రం తప్పు చెయ్యలేదు. ఇక్కడ నోరెత్తినవాడే ముద్దాయి అన్న సంగతి అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అది పెట్టింది. ఏప్రిల్ 8 దాటేదాకా చేతులు కట్టుకుని కూర్చో.

ముద్దులతో,
ముద్దాయి మంజియా

*

ట్యూనిస్
ఏప్రిల్ 2

పిన్నీ,

పండగ శుభాకాంక్షలు. ఘ్రైబాలు అందాయి. లవంగాలున్నాయి, నీవే.

నీతో పోట్లాడాలి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోట్లాడలేదు, పద్ధతి తెలీదు, అందుకని నీలాగే మొదలుపెడతాను: దోషివి నువ్వు కూడా.

ముందు నేను దాచిన సంగతి. కిందటి ఉత్తరం రాసిన రోజే హాతిమ్‌తో చెప్పేశాను. పోస్టులో వేసి మెట్లెక్కి నేరుగా అతని గదికే వెళ్ళాను. నీకు రాయలేదు, ఎందుకంటే అతనన్నది చెబితే నువ్వు కరపత్రం వేస్తావు. అతను అన్నది ఇదీ: "సరిచెయ్. చప్పుడు చెయ్యకు. వెళ్ళిపోయిన నోటీసుల గురించి మనం ఒక్క ముక్క రాయం. రాస్తే ఒప్పుకున్నట్టు." అంటుండగానే అతని ఫోన్, కంపెనీ తరపున ఇచ్చిన నంబరు అదే, మోగింది: "ప్రియమైన ఫిర్యాదుదారూ, లజ్‌హర్‌పై మీ ఫిర్యాదు అందినది." పిన్నీ, ఆ మొహం నువ్వు చూడాల్సింది. ముందు నవ్వాడు, తర్వాత తెల్లబోయాడు, తర్వాత నన్ను తలుపు వెయ్యమన్నాడు.

కాబట్టి నీ ఆజ్ఞ నాకు చేరేసరికే గళ్ళు సరిచేసేశాను. ఇకమీద వరస లేదు, చీటీయే. కొత్త ఫిర్యాదులు సరిగ్గానే వెళ్తున్నాయి. పాత నోటీసులు మాత్రం అలాగే ఉన్నాయి. నీ విచారణ ఎక్కడికీ పోదు, సంబరపడు.

ఇప్పుడు పోట్లాట. నోటీసులు నీ ఊరికే రాలేదు. నాలుగు ఊళ్ళకి, మొత్తం రెండు వందల పన్నెండు. నేను కూర్చుని అన్నీ చదివాను. అందులో ఒకావిడ ఉంది, పేరు వసీలా, బట్టలు కుడుతుంది. ఆసుపత్రిలో చీటీలిచ్చే గుమాస్తా తనని రోజూ అందరి ముందూ కసురుతున్నాడని, వెళ్ళాలంటేనే కాళ్ళు వణుకుతున్నాయని రాసింది. ఆమెకి వెళ్ళిన నోటీసేమిటో తెలుసా? ఆమె ఆ గుమాస్తాని కసురుతోందట. అతని కాళ్ళు వణుకుతున్నాయట.

నీకు బూరావి ఉన్నాడు, అరవై మూడు మంది ఉన్నారు, నువ్వు ఉన్నావు. ఆవిడకి ఎవరున్నారు? మందులు తీసుకోవడానికి రావడం మానేసిందని అక్కడి వాళ్ళన్నారు. నీ "నోరెత్తినవాడే ముద్దాయి" అన్న వాక్యం ఎంత బాగుందో, వెళ్ళి ఆవిడ ముందు చదువు.

చప్పుడు చెయ్యకుండా ఊరుకుంటే జూన్‌లో నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. రెండు వందల పన్నెండు మందీ ముద్దాయిలుగానే ఉంటారు. నోరు తెరిస్తే వాళ్ళు బయటపడతారు, నేను వీధిన పడతాను. ఏం చెయ్యాలో నాకు తెలుసనే అనుకుంటున్నాను. చెయ్యడానికి కాళ్ళు రావడం లేదు. నన్ను రెచ్చగొట్టు, అది నీకు వచ్చిన పని కదా.

షీరాజ్

*

బీర్ ఖర్రూబ్
ఏప్రిల్ 9

షీరాజ్,

నీ ఉత్తరం చదివి పళ్ళెంలో మిగిలిన ఘ్రైబాలు తినకుండా మూత పెట్టేశాను. నువ్వన్నది నిజం. ఈ మాట నా నోట పెళ్ళినాడు కూడా రాలేదు, మీ బాబాయికి చూపించకు. నా నవ్వు నేను గుంపులో నిలబడి నవ్విన నవ్వు. ఒంటరిగా ఆ కవరు తెరిచిన మనిషి సంగతి నాకు తట్టలేదు. ఇంతకాలం జనం, జనం అని రాశాను, అందులో ఒకావిడ బట్టలు కుట్టుకుంటూ కూర్చుని ఉంటుందని మరిచిపోయాను.

నిన్ను నేను రెచ్చగొట్టను. నిన్న ఏం జరిగిందో చెబుతాను, అది చాలు.

హాల్లో కుర్చీలు చాలలేదు. బూరావి పెళ్ళినాటి కోటు వేసుకుని వచ్చాడు, గుండీలు పట్టలేదు. జిల్లా నుంచి విచారణాధికారిణి వచ్చింది. చిన్న మనిషి, పెద్ద జలుబు. పట్టీ చూసి "ఫిర్యాదుదారు లేచి తన ఫిర్యాదు చదవాలి," అంది.

లజ్‌హర్ లేచాడు. "మేడమ్, ఇది నేను..."

"పేరు మీదేనా?"

"పేరు నాదే కానీ..."

"చెత్త ఉందా?"

ఆయన మూసిన కిటికీ వైపు చూశాడు. నేను లేచి కిటికీ తెరిచాను, అంతే. అంత జలుబులో కూడా ఆవిడకి తెలిసిపోయింది. చేతి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చదవండి," అంది.

చదివాడు తల్లీ! నా మాటలు, అక్షరం పొల్లుపోకుండా, ఆ నోటితో! "పిల్లలు కిటికీలు మూసుకుని చెమటలు కక్కుతూ" దగ్గర గొంతు తగ్గింది. "బాధ్యులకు ముక్కు..." దగ్గర ఆగిపోయాడు.

వెనక నుంచి బూరావి: "గట్టిగా చదవండి బాబూ, ఇక్కడికి వినపడటం లేదు!"

"...ముక్కు ఉందా, ఉంటే అది మొహం మీదే ఉందా..."

హాలు నవ్వులతో పగిలిపోయింది. లజ్‌హర్ చెయ్యి తనకి తెలీకుండానే ముక్కు మీదికి పోయింది. అప్పుడు ఆయన కూడా నవ్వాడే. ఒట్టు.

"ముద్దాయి ఏమంటారు?"

లేచి కళ్ళజోడు సర్దుకున్నాను. "నేరం ఒప్పుకుంటున్నాను. మూడేళ్ళుగా ఆ చెత్త ఎత్తించనందుకు సిగ్గుపడుతున్నాను. అసలు ఇన్నాళ్ళూ నేను ఆఫీసులో కూర్చుని ఏం చేస్తున్నానో నాకే తెలీదు."

"ఒప్పుకుంటే ఏడు రోజుల్లో ఎత్తించాలి."

"ఇవాళే ఎత్తిస్తాను. లారీ తాళం ఇప్పించండి."

"ఎవరి దగ్గరుంది?"

"ఫిర్యాదుదారు జేబులో."

ఆవిడ లజ్‌హర్ వైపు తిరిగింది. "ఇవ్వండి."

"బయటివాళ్ళు మునిసిపల్ బండి నడపకూడదు మేడమ్, నిబంధన ఉంది."

"అయితే మీరు నడపండి."

నడిపాడు! టై కట్టుకుని లారీ ఎక్కాడు. ముద్దాయిలం అందరం పారలు పట్టుకుని వెనక నడిచాం. రెండో దఫాకి కోటు తీశాడు, నాలుగో దఫాకి టై తీసి అద్దానికి వేలాడదీశాడు. లారీని వెనక్కి తిప్పడంలో ఏమి ఒడుపు! పొద్దుట మొదలుపెడితే సాయంత్రం అసర్ నమాజు వేళకల్లా గోడ కనిపించింది. గోడ మీద మా బడి పేరు రాసి ఉంది షీరాజ్. ఇప్పుడు చేరిన పిల్లలు దాన్ని ఎప్పుడూ చూడలేదు. కిటికీలన్నీ తెరిచి ఒక్కసారి పాట అందుకున్నారు, ఏ పాటో తెలీలేదు, ఎవరి పాట వాళ్ళు పాడారు.

బూరావి హరీసా కారం పూసిన వేడి రొట్టెలు తెచ్చాడు. గోడ నీడన కూర్చుని తింటూ లజ్‌హర్‌ని అడిగాను, మూడేళ్ళు ఎందుకు చెయ్యలేదని. "మీ లేఖలు నా దగ్గరికి వచ్చేసరికి అందులో మాటలుండవు టీచర్, అంకెలుంటాయి. 'ఫలానా నంబరు, పెండింగ్' అని. నేను సంతకం పెడతాను," అన్నాడు. "ముక్కు సంగతి ఇవాళే చదివా."

నాకు కోపం రాలేదనుకుంటున్నావా? వచ్చింది, నీ మీద కాదు. మూడేళ్ళు మా మాటల్ని అంకెలు చేసి వాడి సొరుగుకి పంపిన పద్ధతిని ఎవరూ తప్పనలేదు, ఎవరూ సరిచెయ్యమనలేదు. ఒక్కసారి మనిషి మాట మనిషి చెవిలో పడితే దానికి పేరు పొరపాటు! దాన్ని చప్పుడు లేకుండా సరిచెయ్యాలట!

ఇంక నీ ఇష్టం. కానీ ముందు ఆ వసీలా దగ్గరికి వెళ్ళు. ఫోన్ కాదు. మెసేజ్ అంతకంటే కాదు.

మీ పిన్ని

*

ట్యూనిస్
ఏప్రిల్ 15

పిన్నీ,

వెళ్ళాను. ఆదివారం షేర్ టాక్సీలో, ఒళ్ళో నీ ఘ్రైబాల డబ్బా పెట్టుకుని. వసీలా గారు తలుపు అంగుళం తెరిచి "నేనెవర్నీ ఏమీ అనలేదమ్మా," అంది, నేనెవరో చెప్పకముందే. నోటీసు పిండి డబ్బాలో దాచింది. తీసి చూపిస్తే దాని నిండా పిండి.

చెప్పాను అంతా. పట్టిక, గళ్ళు, ఎడమ, కుడి. నోటీసు మీది పిండి దులిపింది. "నా మాటలు అతని మాటలుగా రాశారే అమ్మాయీ, నా కాళ్ళ వణుకు కూడా అతనికే ఇచ్చేశారా?" అంది.

నాకు ఏడుపొచ్చేసింది పిన్నీ. ఏడుస్తూనే లజ్‌హర్ ముక్కు సంగతి చెప్పాను, ఇంకేం చెప్పాలో తెలీక. ఆవిడ మొదట పెదవి బిగించింది. తర్వాత మోకాలు చరుచుకుని నవ్వింది. అంతలో పక్కింటి ఆవిడొచ్చి ఏమిటని అడిగితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది, "ముక్కు దగ్గర ఆగాడని చెప్పు, ఆ ముక్క చెప్పు" అంటూ. సాయంత్రానికి నేను అదే కథ అయిదుసార్లు చెప్పాను, ఎవరూ నన్ను కదలనివ్వలేదు. మర్నాడు ఆవిడతో ఆసుపత్రికి వెళ్ళి మందులు ఇప్పించి, గుమాస్తా ముందు నిలబడి ఆవిడ రాసిన మాటలు ఆవిడ చేతే చదివించాను. అతను చీటీ ఇచ్చాడు. తల ఎత్తలేదు, కానీ కసరలేదు.

ఇవాళ ఆఫీసుకి వెళ్ళేసరికి హాతిమ్ బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది. నిన్న జిల్లా కార్యాలయం ఫోన్ చేసిందట. "తాత్కాలిక నెట్‌వర్క్ అంతరాయం వలన" అని టైపు చేసి ఉంది, కింద నా సంతకానికి చోటు.

"సంతకం పెట్టు, నీ పర్మనెంట్ కాగితం పక్కనే ఉంది," అన్నాడు. నిజంగానే పక్కనే ఉంది.

"అంతరాయం ఏమీ లేదండీ. మెసేజ్‌లన్నీ సవ్యంగానే చేరాయి. నేను గిన్నెలు తప్పు చెప్పాను," అన్నాను.

"ఎవరడిగారు అంత వివరం?"

"రెండు వందల పన్నెండు మంది."

నా గొంతు అలా ఉంటుందని నాకే తెలీదు. నీలాగే ఉంది, ముక్కుతో సహా. అతను రెండు కాగితాలూ సొరుగులో పెట్టి, "సరే, నీకేం కావాలో రాసివ్వు," అన్నాడు. వెటకారంగానే అన్నాడులే. కానీ నేను కూర్చుని రాసేశాను. కుడి నుంచి రాశాను, అరబ్బీలో. ఒక నకలు అతనికి, ఒకటి జిల్లా కార్యాలయానికి, ఒకటి మా ఆఫీసు గోడకి. నాలుగో నకలు ఇది, నీకు. పక్క బల్ల అమ్మాయి కూడా కింద సంతకం పెట్టింది.

1. రెండు వందల పన్నెండు మందికీ కాగితం మీద ఉత్తరం వెళ్ళాలి. తప్పు మాది అని అందులో ఉండాలి. "అంతరాయం" అన్న మాట ఉండకూడదు.

2. ఆ నోటీసులన్నీ రద్దు చెయ్యాలి. ఎవరి ఫైల్లోనూ మచ్చ మిగలకూడదు, లజ్‌హర్ గారి ఫైల్లో కూడా.

3. ఇకమీద రాసే ప్రతి హ్యాండ్లర్‌లోనూ ప్రతి పారామీటర్‌కీ చీటీ కట్టాలి. వరసని నమ్మకూడదు.

4. పరీక్షించేటప్పుడు రెండు గళ్ళలో ఒకే పేరు పెట్టకూడదు. ముఖ్యంగా మా పిన్ని పేరు.

5. పట్టిక ఇచ్చేవాళ్ళూ కోడు రాసేవాళ్ళూ ఒక గదిలో కూర్చుని దాన్ని పైకి చదవాలి.

6. ఫిర్యాదు చేసినవాళ్ళనీ, ఎవరి మీద చేశారో వాళ్ళనీ ఒకే రోజు, ఒకే హాలుకి పిలవాలి. ఇది పొరపాటున జరిగింది. ఇకమీద కావాలని జరగాలి.

7. ఫిర్యాదులోని మాటలు మాటలుగానే చేరాలి. ఎవరి మీద రాశారో వాళ్ళే లేచి పైకి చదవాలి. ముక్కు దగ్గర ఆగకూడదు.

8. నన్ను పర్మనెంట్ చెయ్యాలి. తీసేస్తే, కారణం అన్న గడిలో "తప్పు చేసింది" అని కాదు, "తప్పు ఒప్పుకుంది" అని రాయాలి.